చలి పందెంలో నా కుంపటి

ఆ రోజుల్లో చలికి మాట మీద నిలబడే గుణం ఉండేది. కార్తీకం దాటగానే వచ్చేది, శివరాత్రి దాకా ఉండి మర్యాదగా వెళ్ళిపోయేది. ఇప్పటి చలిలా ఒకరోజు తొంగిచూసి, రెండు రోజులు ఎటో తిరిగొచ్చి, మళ్ళీ పిలవని వేళ గుమ్మంలో కూలబడే రకం కాదు. మా అరకు కొండల్లో చలి అంటే ఇంటికొచ్చిన పెద్దమనిషి లెక్క. దాన్ని తిట్టుకుంటూనే దాని గురించి గొప్పలు చెప్పుకునేవాళ్ళం. పొద్దున్నే గడ్డి మీద తెల్లగా పొడి రాలినట్టుండేది, నోరు తెరిస్తే పొగ వచ్చేది. (చుట్ట ముట్టని ఆడవాళ్ళం కూడా పొగ వదిలే రోజులవి. చుట్ట నిప్పు నోట్లోకి తిప్పి అడ్డపొగ తాగే మా మేనత్త అయితే కొండెక్కే రైలింజన్‌లా ఉండేది.) నాకు చదువు లేదు. బడిలో అంకెలు నేర్చుకున్నాను, అక్షరాల దగ్గరికి వచ్చేసరికి మా పంతులు బదిలీ అయి వెళ్ళిపోయాడు. అందుకే నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. నా గొంతులోని గరగర కాగితం మీద వినపడదు కాబట్టి మీరు అదృష్టవంతులే.

ఆ అంకెలే నాకు అన్నం పెట్టాయి. పెళ్ళికి ముందు నేను మా ఊరి పైన ఉన్న కాఫీ మొక్కల నర్సరీలో పనికి వెళ్ళేదాన్ని. సంచుల్లో మట్టి నింపడం, నారుకి నీళ్ళు చిలకరించడం, కలుపు తీయడం పని. వీటన్నిటికంటే నాకు ఇష్టమైన పని ఇంకోటుంది. నర్సరీ మధ్యలో నాలుగు కాళ్ళ మీద ఒక తెల్లపెట్టె నిలబడి ఉండేది, చుట్టూ రెక్కల కిటికీలతో. లోపల ఒక గాజు గొట్టం, అందులో పాదరసం. సూర్యుడు కొండ అంచు మీదికి రాగానే పెట్టె తలుపు తీసి, పాదరసం ఏ గీత దగ్గర ఆగిందో చూసి, ఆ అంకెను నర్సరీ సారుకి గట్టిగా చెప్పాలి. ఆయన కింద టౌనుకు ఫోను చేసేవాడు. మర్నాడు అది పేపర్లో, ఒక్కోసారి రేడియోలో కూడా వచ్చేది. నేను నోటితో చెప్పిన అంకె విశాఖపట్నం దాకా వెళ్ళేది! ఊళ్ళో నా నడకే మారిపోయింది. కొండ దిగి వస్తుంటే ఇంటింటి నుంచీ కేకలు: "ఏటే గుంటా, ఇయాల ఎంత?" నేను వెంటనే చెప్పేదాన్ని కాదు. నాలుగిళ్ళు దాటేదాకా వాళ్ళ చేత బతిమాలించుకునేదాన్ని. కలెక్టరుకి కూడా అంత గీర ఉండదు.

గట్టు అవతల ఇంకో ఊరుంది. వాళ్ళకీ ఒక నర్సరీ, వాళ్ళకీ ఒక తెల్లపెట్టె. పేపర్లో ఒకరోజు మా అంకె తక్కువ, ఒకరోజు వాళ్ళ అంకె తక్కువ. ఎవరిది తక్కువైతే ఆ రోజు సంతలో వాళ్ళ తల ఎత్తుగా ఉండేది. నాకు కుదిరిన సంబంధం సరిగ్గా ఆ ఊరిదే. పెళ్ళికొడుకు డప్పు వాయిస్తాడు, మాట తక్కువ, నవ్వు ఎక్కువ. నాకు నచ్చాడు, నేనూ అతనికి నచ్చాను. కుదరనిదల్లా ఒక్కటే, పెళ్ళయ్యాక కాపురం ఎక్కడా అని. మా అయ్యకు నేనొక్కదాన్నే, అమ్మ లేదు, అతన్ని మా ఇంటికి రమ్మంటాడు. వాళ్ళ నాన్న కోడలు తన ఇంటికే రావాలంటాడు. నాకైతే మా ఊరు వదలాలని లేదు. అయ్య మీద ప్రేమ ఒకటి, తెల్లపెట్టె మీద ప్రేమ ఒకటి. అవతలి ఊరి పెట్టెను అప్పటికే అతని వదిన చూస్తోంది. అక్కడికి వెళితే నేను పొయ్యి దగ్గర, ఆవిడ పెట్టె దగ్గర.

కాబోయే మామగారిని అందరూ తువ్వాలు మావ అనేవారు. ఎంత చలైనా ఆయన ఒంటి మీద ఒక్క తువ్వాలే. "మా ఊరి సలిలో పుట్టినోడికి మిగతా సలి సలేటి?" అని ఆయన గొప్ప. ఒక సంతలో ఆయనా, మా అయ్యా జీలుగు కల్లు దుకాణం ముందు ఎదురుపడ్డారు. నేను పక్కనే పసుపుకొమ్ములు అమ్ముతున్నాను.

"బావా, మీ ఊర్లో సలి తగ్గిపోనాదంట కదేటి?" అని తువ్వాలు మావ మొదలుపెట్టాడు.

"తగ్గిందా? మా ఊర్లో కోడి గుడ్డు పెట్టీసి, అది సల్లగా ఉందని మీద కూకోనంటంది!" అన్నాడు మా అయ్య.

"అదేటి సలి బావా, మా ఊర్లో ఆవుని పిండితే తిన్నగా జున్నొత్తంది!"

జనం పోగయ్యారు. మాటా మాటా పెరిగింది. చివరికి తువ్వాలు మావ తువ్వాలు దులిపి భుజం మార్చుకుని, "సరే, ఏ ఊరు సలెక్కువైతే ఆ ఊర్లోనే కాపరం. సలెక్కువున్న సోట కట్టెలు కొట్టీ సేతులెక్కువ కావాల, నాయమే కదా?" అన్నాడు. మా అయ్య కల్లు మీద ఉన్నాడు, సంతంతా చూస్తోంది. "నాయమే!" అనేశాడు. నా చేతిలోని పసుపుకొమ్ములు తక్కెట్లో పడాల్సింది పోయి నేల మీద పడ్డాయి. నా కాపురం, నా పెట్టె, రెండూ ఒక గాజు గొట్టం చేతిలోకి వెళ్ళిపోయాయి.

వచ్చే సంత మర్నాడు తెల్లవారి, సూర్యుడు కొండ అంచు మీదికి వచ్చే వేళ రెండు ఊళ్ళలోనూ చూడాలని పెట్టుకున్నారు. గొట్టం దగ్గర ఎవరూ మోసం చేయకుండా ఒకరి ఊరికి ఒకరు సాక్షిని పంపుకోవాలి. మా తరఫున మా చిన్నాన్న ముందురోజే గట్టు దాటి వెళ్ళాడు. వాళ్ళ తరఫున తువ్వాలు మావ తానే వస్తానన్నాడు, కొడుకుని వెంటబెట్టుకుని. (నర్సరీ సారు మంచివాడు. "ఇది ఆటకి పెట్టిన పెట్టె కాదమ్మా" అని మొదట కసిరాడు, తర్వాత ఆయనకే ఉత్సాహం ఎక్కువై తెల్లవారకుండానే గొంతుకి మఫ్లరు చుట్టుకుని తయారైపోయాడు.)

ఆ ఉదయం నేను అందరికంటే ముందు వెళ్ళాను. పొగమంచు తెరలు తెరలుగా లోయలోకి దిగుతోంది. కాలి కింద గడ్డి కరకరలాడుతోంది. పెట్టె తలుపు తీసి బ్యాటరీ లైటు వేసి చూశాను. మూడు! నా కళ్ళను నేనే నమ్మలేక పైట చెంగుతో గాజు గొట్టం తుడిచి మళ్ళీ చూశాను. మూడే! ఆ గొట్టంలో మూడు అంకెను నేనెన్నడూ చూడలేదు, నేనే కాదు, సారూ చూడలేదు. నాకు గెంతాలనిపించింది, కానీ లెక్కలోకి వచ్చేది సూర్యుడు వచ్చాక సాక్షి కళ్ళతో చూసిందే. గెంతితే పెట్టె వేడెక్కుతుందేమోనని ఊపిరి కూడా అటు తిరిగి వదిలాను. అప్పుడే ఎక్కి వస్తున్న మా అయ్య చెవిలో చెప్పాను: "అయ్యా, మూడు!" మా అయ్య కళ్ళు పెద్దవయ్యాయి. కేక వేయబోయి అరచేత్తో తన నోరు తానే మూసుకున్నాడు. ఆయన వెనకే ఎక్కి వస్తున్న మేనత్తకు ఎలా తెలిసిందో తెలీదు, మూడు వేళ్ళు చూపిస్తూ ఊరంతా తిరిగొచ్చింది. కాసేపటికి ముసలీ ముతకా, పాలు తాగే పిల్లలతో తల్లులూ, అందరూ నర్సరీలో ఉన్నారు.

తువ్వాలు మావ వచ్చాడు. ఒంటి మీద ఎప్పటిలాగే ఒక్క తువ్వాలే. కానీ గట్టు దాటి మంచులో నడిచి వచ్చిన మనిషి, పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. వెనక కొడుకు, భుజానికి డప్పు. ఎవరు గెలిచినా డప్పు కావాలి కదా అని తెచ్చాడట. అతను నా పక్కగా వెళుతూ, "గొట్టానికి కాసింత ఐసు ముక్క రాసీయే, బేగి" అని గొణిగాడు. అప్పుడు తెలిసింది, అతనికీ మా ఊరే రావాలని ఉందని. నా గుండె కూడా డప్పులాగే మోగింది.

తువ్వాలు మావ తిన్నగా పెట్టె దగ్గరికి పోయి, దాని కాలికి వీపు ఆనించి నిలబడ్డాడు, కాపలాకి. "ఇదేటి బావా సలి? నాకు సెమట్లు పడతన్నాయి" అన్నాడు. 'సెమట్లు' అనేలోపల పళ్ళు టకటక కొట్టుకున్నాయి. ఊరంతా చూసింది, ఎవరూ నవ్వలేదు, చుట్టం కదా. మా మేనత్త మాత్రం ఊరుకోలేకపోయింది. "ఓలమ్మ, ఆ మనిసి నీలమైపోతన్నాడు. ఒసే గుంటా, ఏటలగ గుడ్లప్పగించి సూత్తన్నావు? నిప్పు తే!"

ఇక్కడ మా కొండ పద్ధతి ఒకటి చెప్పాలి. చలిలో నడిచొచ్చిన చుట్టానికి ముందు కాళ్ళ దగ్గర నిప్పు పెడతాం, ఆ తర్వాతే మాటలైనా, తిండైనా. పెట్టకపోతే మాకు పరువు తక్కువ. పెట్టిన నిప్పు వద్దంటే చుట్టరికమే వద్దన్నట్టు. పైగా నేను కాబోయే కోడల్ని. నా చేతి నిప్పు ఎలా ఉందో ఆయన చూస్తాడు, ఆయన భార్యకు చెబుతాడు, ఆ ఊరంతా చెప్పుకుంటారు. అంతే, పరుగెత్తాను. నర్సరీ వంటపాకలోంచి అన్నిటికంటే పెద్ద కుంపటి తీసి, నిప్పులు నింపి, ఎండు కట్టె పేళ్ళు పేర్చి, రెండు చేతులా మోసుకొచ్చి తువ్వాలు మావ కాళ్ళ దగ్గర పెట్టాను. అంటే పెట్టె కాళ్ళ దగ్గరే, సరిగ్గా పెట్టె కింద. దేవుడి సాక్షి, ఆ క్షణంలో నాకు ఆ పెట్టె కనపడలేదు. ఆయన పెదాలే కనపడ్డాయి.

ఇప్పుడు ఇరుక్కున్నది తువ్వాలు మావ. చేతులు చాపితే మా ఊరు చలి అని ఒప్పుకున్నట్టు. చాపకపోతే నన్ను కాదన్నట్టు. ఆయన కుంపటి వంక చూశాడు, నా వంక చూశాడు, కొండ వంక చూశాడు. చేతులు మాత్రం ఆయన్ని అడక్కుండానే నిప్పు మీదికి వెళ్ళిపోయాయి. "ఇది సలికి కాదు, గుంట మర్యాద సేసిందని" అన్నాడు కళ్ళు మూసుకుని.

"సలికే! ఒప్పుకున్నాడు!" అని మా అయ్య ఒక్క కేక పెట్టాడు. ఇంక చూడండి! తువ్వాలు మావ చలి కాచుకోవడం పుట్టి బుద్ధెరిగాక ఎవరూ చూడలేదు. ఊరంతా ఈలలు, గోల. ఎవరో ఇంకో మొద్దు తెచ్చి వేశారు, ఇంకెవరో చీపురుకట్టల మోపు తెచ్చారు. కుంపటి కాస్తా నెగడైంది. మంట చూడగానే కాబోయే పెళ్ళికొడుకు తట్టుకోలేక డప్పు మీద దెబ్బ వేశాడు. డప్పు మోగితే మా ఆడవాళ్ళ కాళ్ళు ఆగవు. నడుముల చుట్టూ చేతులు వేసుకుని థింసా ఆటకి వరస కట్టేశారు, ఆ వరసకి ముందు మా మేనత్త, రెండోది నేను! మంట చుట్టూ, అంటే పెట్టె చుట్టూ, పాములా తిరుగుతున్నాం. సరిగ్గా అప్పుడు సూర్యుడు కొండ అంచు మీదికి వచ్చాడు. సారు మఫ్లరు సర్దుకుని గుంపుని తోసుకుంటూ వచ్చి, "ఏదమ్మా, చూసి చెప్పు!" అన్నాడు.

నేను ఆయాసపడుతూ, నవ్వుతూ పెట్టె తలుపు తీశాను. లోపల్నుంచి వెచ్చటి గాలి మొహానికి తగిలింది, పొయ్యి మీద మూత తీసినట్టు. అప్పుడు అర్థమైంది నేనేం చేశానో. పాదరసం పైపైకి ఎక్కి కూర్చుంది.

"సెప్పవే!" అన్నాడు మా అయ్య.

"పంతొమ్మిది" అన్నాను.

డప్పు ఆగింది. మా అయ్య నెత్తి మీద రెండు చేతులూ పెట్టుకుని ఎరువుల బస్తా మీద కూలబడ్డాడు. సారు నన్ను చూసి, మంటను చూసి, మఫ్లరులో మొహం దాచుకున్నాడు, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలీలేదు. తువ్వాలు మావ మాత్రం వెచ్చబడ్డ చేతులు రుద్దుకుంటూ, "మంచి ఏసంగి ఊరు బావా మీది. గుంటకి గుడ్డలు సర్దించు మరి" అన్నాడు. నేను కొడుకు వైపు చూశాను. డప్పు కర్రలు చేతిలో అలాగే పట్టుకుని కుంపటి వంక చూస్తున్నాడు, అది ఎవరో తెలియని మనిషన్నట్టు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెట్టె తలుపు మూయడానికి కూడా చేతులు రాలేదు, ఇక అది నాది కాదు కదా.

ఏ గుడ్డలు సర్దాలో మేనత్త చెప్పడం మొదలుపెట్టింది, ఎండ లోయ దాకా దిగినా ఆపలేదు. ఇంతలో గట్టు దారిలో ఒక ఆకారం పరుగెత్తుకుంటూ వస్తోంది. మా చిన్నాన్న! ఒంటి మీద కంబళి ఒక పక్కంతా కాలి నల్లబడింది. కనుబొమల్లో ఒకటి లేదు.

"ఏట్రా అది? ఏటయ్యింది?" అన్నాడు మా అయ్య లేచి.

చిన్నాన్న ఊపిరి పీల్చుకోవడానికే కాసేపు పట్టింది. "ఏటయ్యిందా! ఆ వియ్యపురాలు మడిసి కాదన్నియ్యా, ఎండాకాలం! నాకు సలి నేదమ్మా అంటే ఇనదు. చుట్టపోడికి నిప్పు పెట్టకపోతే ఎలగ అని మొద్దు ఏసింది. సాలమ్మా అంటే మొగమాటపడతన్నాడని ఇంకో మొద్దు. నాను పెట్టె కాడ కాపలా కదా, పక్కకి జరగనేను! పెట్టె కిందే పెట్టీసింది మంట!"

"అంకె చెప్పరా!" అని ఊరంతా అరిచింది.

"ఇరవై మూడు!"

ఒక్క క్షణం ఎవరికీ లెక్క అందలేదు. మళ్ళీ నాకే అందింది, ఊరికి అంకెలమ్మను కదా! "మనది తక్కువ! మనకే సలెక్కువ! మనమే గెలిచాం!" అని గెంతులు వేశాను. డప్పు మళ్ళీ మోగింది. ఈసారి దెబ్బ ఎవరిదో, ఎందుకో నాకు బాగా తెలుసు.

కానీ తువ్వాలు మావ చెయ్యెత్తి ఆపాడు. ఆయన మొహంలో ఓడిపోయిన జాడే లేదు, వెలిగిపోతోంది. "ఇన్నారేటి! మా ఇంటి నిప్పు ఇరవై మూడు. మీ నిప్పు పంతొమ్మిదే. పందెం మీదే, కాదన్ను. నా కొడుకుని ఒదిలేత్తాను. అయితే బావా, చుట్టాలకి మర్యాద సెయ్యడంలో మా ఊరే గొప్పని అందరి ముందరా ఒక్క మాట అను. అంటేనే ఒదులుతాను."

మా అయ్య మొహం మాడిపోయింది. చలిలో ఓడిపోయినా తట్టుకునేవాడేమో, మర్యాదలో ఓడటమా? "అదెలగ కుదురుద్ది బావా? మా కట్టెలు పచ్చివి! ఇంకాసేపుంటే మాదీ ఇరవై మూడు దాటీసును! మొద్దులు తెండ్రా, ఇప్పుడే సూద్దాం!" అని అరిచాడు. ఇందాకటిదాకా మా ఊరు ఎంత చలో చెప్పిన మనిషి, ఇప్పుడు ఎంత వేడో చెబుతున్నాడు. నిజంగానే ఇద్దరు మొద్దులకి పరుగెత్తారు. సారు పెట్టెకి అడ్డంగా చేతులు చాపి నిలబడి, "బాబ్బాబూ, గాజు పగిలిపోతుంది!" అని మొత్తుకుంటున్నాడు.

నాకు ప్రాణం పోతోంది. గెలిచిన పందెం మా అయ్య నోట్లో ఇరుక్కుంది. వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాను. "అయ్యా, ఒక్క మాటే కదా. నానిక్కడే ఉంటాను. రోజూ నీకు నిప్పు ఏసి ఇత్తాను. అనీయ్ అయ్యా."

మా అయ్య నన్ను చూశాడు. తువ్వాలు మావను చూశాడు. "బావా... మీ... మీ మంట... పెద్దదే" అన్నాడు. అనేసి వెంటనే, "కట్టెలు పచ్చివి కాబట్టి" అని గొణిగాడు కానీ అది డప్పులో కలిసిపోయింది.

అలా మా ఆయన మా ఊరొచ్చాడు. సారు ఆ రోజు అంకె చెడిపోయిందని చెప్పి టౌనుకు పంపలేదు. కానీ మా చిన్నాన్న ఊరుకుంటాడా? కనిపించిన ప్రతి టీకొట్టులోనూ కాలిన కంబళి చూపించి రెండు ఊళ్ళ అంకెలూ చెప్పాడు. అవి ఎలా చేరాయో చేరాయి. మర్నాడు రేడియోలో ఒకాయన, సముద్రం మీది తేమగాలుల వల్ల కొండల్లో చలి ఉన్నట్టుండి తగ్గుముఖం పట్టిందని ఎంతో శ్రద్ధగా చెప్పాడు. మేమందరం మంట చుట్టూ కూర్చుని విన్నాం. "తేమగాలులంటే నువ్వేనే" అన్నాడు మా ఆయన, డప్పుతో సహా మా ఊళ్ళోనే ఉండిపోయాడు కదా. బతికున్నన్నాళ్ళూ, కోపం వస్తే నన్ను అదే పేరుతో పిలిచాడు.

ఇప్పుడాయన లేడు. ఆ తెల్లపెట్టె కూడా లేదు. దాని చోట ఒక ఇనుప స్తంభం, దాని నెత్తిన సోలారు పలక. అదే చూసుకుంటుంది, అదే ఫోన్లకు పంపుకుంటుంది, ఎవరూ తలుపు తీయక్కర్లేదు. చలి మాట తప్పడం నేర్చుకుంది. కాఫీ పళ్ళు ఆరబెట్టే వేళకి వాన వస్తోంది, పువ్వుకి కావలసిన వాన ఎగ్గొడుతోంది. మేమూ ఊరుకోలేదు. కళ్ళాల మీదికి టార్పాలిన్లు కొన్నాం, కాఫీ మీద నీడకి చెట్లు ఇంకా నాటాం, ఏ వానకైనా ఓర్చుకునే చోడి, సామ విత్తనాలు మళ్ళీ కుండల్లో దాస్తున్నాం. మా మనవరాలు ఫోను చూసి, "అమ్మమ్మా, రేపు వాన, కాఫీ లోపల పెట్టీయ్" అంటుంది. పెడతాను. ఒక్కోసారి వాన వస్తుంది కూడా.

మొన్న పుష్యంలో ఒక తెల్లవారుజామున ఆ స్తంభం బాగుచేయడానికి టౌను నుంచి ఒక అమ్మాయి వచ్చింది, పల్చటి చొక్కా, చేతిలో పనిముట్ల సంచి. చాలా రోజులకు పాతకాలపు చలి దిగిన రోజది. ఆ పిల్ల పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. నేను పాకలోకి వెళ్ళి, పెద్ద కుంపటి తీసి, పేళ్ళు పేర్చి, మోకాళ్ళు నొప్పి పెడుతున్నా మోసుకొచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాను.

"అమ్మా! అమ్మా! ఇక్కడొద్దు, మెషీను కింద నిప్పేంటి!" అని ఆ పిల్ల కెవ్వుమంది.

చూస్తే స్తంభం కిందే ఉంది కుంపటి. ఇన్నేళ్ళ తర్వాత, అదే నేల మీద, అదే చేతులతో. నేను నవ్వడం మొదలుపెట్టాను. నవ్వుతుంటే దగ్గు, దగ్గుతుంటే కళ్ళ నీళ్ళు, ఆ పిల్ల నాకేదో అయిపోయిందని భయపడి నీళ్ళ సీసా తీసింది. "ఏం కానేదు తల్లీ," అన్నాను, "ఈ గుంటకి ఇంకా బుద్ధి రానేదు, అంతే." కుంపటిని కాస్త దూరానికి ఈడ్చుకెళ్ళి, ఆమెను రమ్మని పిలిచాను. పనిముట్లు కింద పెట్టి వచ్చి చేతులు చాపింది. కాసేపటికి పెదాల్లోకి రంగు వచ్చింది. ఫోను చూసి, "ఇవాళ ఇక్కడ చలి చాలా ఎక్కువమ్మా, కొండలన్నిటిలో మీదే తక్కువ అంకె" అంది.

గట్టు అవతలికి తిరిగి నిలబడ్డాను. "మావా, ఇన్నావా?" అని గట్టిగా అరిచాను. తువ్వాలు మావ పోయి చాలా కాలమైంది. అయినా, చెప్పాలి కదా.